లా చదవాలంటే ఇంటర్‌ల ఏ గ్రూపు తీసుకోవాలె?

(కల్వకుర్తిలో పదో తరగతి, ఇంటర్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో మహబూబ్‌నగర్ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం. ఆమె మాట తీరును మార్చలేదు, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డోళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. ముందల కూసుంటే మేడం ప్రశ్న అడుగుతదని భయమా? నేను అడగ. ఇయ్యాల మీరే అడగాలె.

తిప్పి తిప్పి చెప్పకుండ అసలు మాట ముందే చెప్పేస్త. లా చదవడానికి ఇంటర్‌ల ఫలానా గ్రూపే ఉండాలె అని ఎక్కడా రూలు లేదు. లేదు అంటే లేదు. ఎంపీసీ చదివినా పోవచ్చు, బైపీసీ చదివినా పోవచ్చు, సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ, ఏది చదివినా పోవచ్చు. డాక్టరు కావాలంటే బైపీసీ కావాలె, ఇంజినీరు కావాలంటే ఎంపీసీ కావాలె. వకీలు కావాలంటే? ఇంటర్ కావాలె. అంతే.

అట్లయితే ఇంక మీటింగ్ ఎందుకు, ఇంటికి పోదామా? పోవద్దు. ఎందుకంటే రూలు గ్రూపును అడగదు గని మార్కులను అడుగుతది. ఆ మార్కులు ఎన్ని వస్తయన్నది మీరు తీసుకున్న గ్రూపును బట్టే ఉంటది. ఈ సంగతి మన దగ్గర చాలామందికి ఇంటర్ అయిపోయినంక తెలుస్తది. అప్పటికి రెండేండ్లు పోయినయి.

జర లెక్క చూద్దాం. అమ్మా, మీరు కూడ వినండి, ఇది పిల్లలకంటే మీకే ముఖ్యం. మన రాష్ట్రంల లా సీటు కోసం లాసెట్ రాయాలె. ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నడిపిస్తది. అయిదేండ్ల లా కోర్సుకు పోవాలంటే ఇంటర్‌ల మొత్తం మీద జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలె. ఇంటర్ మొత్తం ఎన్ని మార్కులకు? 1000కి. అంటే 450, 420, 400. ఇప్పుడు చెప్పండి, ఇంటర్ పాస్ మార్కు ఎంత? 35. ఒక పిల్లగాడు అన్ని సబ్జెక్టులల్ల బొటాబొటిగ 35, 36 తెచ్చుకొని గట్టెక్కిండు. ఇంట్ల స్వీట్లు పంచిండ్రు. మెమోల ‘పాస్’ అనే ఉంటది. కాని వాడు లాసెట్ రాసి ర్యాంకు తెచ్చుకున్నా సీటుకు పనికిరాడు. పాసైండు గని అర్హత లేదు. ఈ రెండూ ఒకటి కాదు బిడ్డా. పాసు వేరు, అర్హత వేరు.

ఇప్పుడు గ్రూపు సంగతికి వస్త. మన ఊర్లల్ల ఏం జరుగుతది? పదిల మంచి గ్రేడు వచ్చింది అంటే ఎంపీసీ. ఎందుకు? పక్కింటోళ్ల పిల్లగాడు ఎంపీసీ. వాడికి లెక్కలంటే గుండెదడ. రెండేండ్లు ట్రిగనామెట్రీతోని కొట్లాడి, ఫిజిక్స్‌తోని కొట్లాడి, ఒకటి రెండు సప్లిమెంటరీల దాటించుకొని, ఆఖరుకు 410తోని బయట పడ్తడు. అప్పుడు అంటడు, ‘నాకు మొదటి నుంచి లా అంటేనే ఇష్టం మేడం’ అని. ఇష్టం ఉంటే ఏం చేస్తం? జనరల్ అయితే 450 కావాలె, బీసీ అయితే 420 కావాలె. పది మార్కుల కాడ ఆగిపోయిండు. అదే పిల్లగాడు సీఈసీ తీసుకొని చదివితే 700 రాకపోవునా? వచ్చేది. తెలివి తక్కువోడు కాదు గదా, తనది కాని గ్రూపుల ఇరుక్కున్నడు.

అందుకని నా సలహా, పట్టుబట్టి చెప్తున్న, వకీలు కావాలని మనసుల ఉన్న పిల్లలు పరువు కోసం గ్రూపు తీసుకోకండి. నీకు ఏ గ్రూపుల మార్కులు మంచిగ వస్తయి, ఏది చదివితే నిద్ర రాదు, అది తీసుకో. ఇగ ఇప్పటికే తక్కువ మార్కులతోని బయట పడ్డోళ్లు ఉంటే, ఇంప్రూవ్‌మెంట్ రాసి పెంచుకునే దారి ఉంటది. మీ కాలేజీ ఆఫీసుల అడగండి, సిగ్గుపడొద్దు.

ఏం తమ్ముడూ, చెయ్యెత్తినవ్? చెప్పు... ‘సివిక్స్ చదవకుంటే లాల కష్టం కదా మేడం’ అంటున్నడు. మంచి ప్రశ్న. నిజమే, ఉపయోగం ఉంటది. కాదనను. సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లకు ఫస్టియర్‌ల సివిక్స్ అంటే చట్టం, స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం, హక్కులు, ఇవే పాఠాలు. సెకండియర్‌ల మన రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, పార్లమెంటు, సుప్రీంకోర్టు, హైకోర్టు, పంచాయతీరాజ్. లాసెట్‌ల 120 ప్రశ్నలుంటే అండ్ల 60 లా ఆప్టిట్యూడ్ మీదనే. 30 జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, ఇంకో 30 కరెంట్ అఫైర్స్. టైము గంటన్నర. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. సివిక్స్ చదివిన పిల్లకు 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు పోవచ్చు, 226 కింద హైకోర్టుకు పోవచ్చు అనే సంగతి పాఠంలనే వచ్చి ఉంటది. ఎంపీసీ పిల్ల అదే సంగతిని విడిగ కూసొని చదువుకోవాలె. అంతే తేడా. ఒక ఎండాకాలంల నింపుకునే తేడా అది. దాని కోసం లెక్కలు ఇష్టమున్న పిల్లను తీస్కపోయి హెచ్‌ఈసీల కూసోబెట్టొద్దు.

నన్నే చూడండి. నాది బైపీసీ. కప్పను కోసిన చేతులే ఇయ్యాల ఫైలు పట్టినయి. క్రిమినల్ కేసుల పోస్టుమార్టం రిపోర్టు ముందల పెడితే, గాయం చావుకు ముందుదా తర్వాతదా, ఎముక ఎక్కడ విరిగింది అన్నది చదువుతుంటే నాకు జువాలజీ రికార్డు బుక్కు గుర్తుకొస్తది. నా తోటి లాయర్లల్ల కామర్స్ చదివినోళ్లు జీఎస్టీ కేసులు, చెక్కు బౌన్సు కేసులు నీళ్లు తాగినంత సులువుగ చేస్తరు, నేను వాళ్లనే అడిగి తెలుసుకుంట. ఎంపీసీ వాళ్లకు ఇంకో దారి ఉంది. పేటెంట్ ఏజెంటు, అంటే కొత్తగ కనిపెట్టినదాని మీద హక్కుకు దరఖాస్తు పెట్టి నడిపించేటోడు కావాలంటే, పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ కింద సైన్సుల గాని, ఇంజినీరింగుల గాని డిగ్రీ ఉండాలె. అంటే ఎంపీసీ, బీటెక్, ఆ తర్వాత మూడేండ్ల లా. ఆ దారిల సీఈసీ పిల్లగాడు పోలేడు. ఎవరి చదువు ఎక్కడ అక్కరకొస్తదో పదహారేండ్ల వయసుల ఎవరు చెప్పగలరు?

పట్నంల సీబీఎస్‌ఈ బళ్లల్ల పదకొండు, పన్నెండు తరగతులకు లీగల్ స్టడీస్ అని ఒక సబ్జెక్టు ఉంటది. మన దిక్కు ఇంటర్ కాలేజీలల్ల అసొంటిది కనపడదు. అది లేదని దిగులు వద్దు. లీగల్ స్టడీస్ చదివినోళ్లకు లా కాలేజీల వేరే వరుస ఏమీ ఉండదు. అందరూ మొదటి రోజు కాంట్రాక్టు చట్టం ఒకే అక్షరం నుంచి మొదలుపెడతరు.

సెకండ్ లాంగ్వేజ్ గురించి

గ్రూపు మీద ఇంతసేపు మాట్లాడిన గని, నన్నడిగితే గ్రూపు కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. దాని గురించి ఏ తల్లీ తండ్రీ నన్ను అడగరు. సెకండ్ లాంగ్వేజ్ ఏం తీసుకుంటుండ్రు?

చేతులెత్తండి. ఇంటర్ వాళ్లు, సంస్కృతం తీసుకున్నోళ్లు ఎంతమంది? అగో. చూసిండ్రా? సగం మంది పైనే ఉన్నరు. ఎందుకు తీసుకున్నరు? వేదం చదవనీకా? కాదు. మార్కుల కోసం. కాలేజీ వాళ్లే చెప్పిండ్రు, ‘తెలుగు తీసుకుంటే మార్కులు పోతయి, సంస్కృతం అయితే నూటికి తొంభైఅయిదు’ అని. ఇంజినీరింగు పోయేటోడికి ఆ లెక్క నడుస్తది కావచ్చు, నేను ఏమీ అన. సంస్కృతం మీద నాకు కోపం లేదు, అదీ గొప్ప భాషే. కాని రేపు ఈ జిల్లాల వకాలత్ వేసేటోడికి అది తీరని నష్టం. నా మాట కటువుగ ఉన్నా సరే.

ఎందుకో చెప్త. మన కోర్టులల్ల నూటికి ఎన్నో దావాలు భూమి మీదనే. ఒక రైతు మీ దగ్గరికి వస్తడు. ప్లాస్టిక్ కవర్ల మడత పెట్టిన కాయితాలు తీస్తడు. ఒకటి పాత దస్తావేజు. స్టాంపు కాయితం మీద డాక్యుమెంట్ రైటరు చేతిరాతతోని రాసిండు. ‘ఫలానా వారికి, ఫలానా వారు వ్రాయించి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా’ అని మొదలైతది. ఆ వాక్యం ఎక్కడ ముగుస్తది? రెండో పేజీ సగంల. మధ్యల ఎక్కడా చుక్క ఉండదు. ఆ వాక్యంల అమ్మినోడు ఎవరు, కొన్నోడు ఎవరు, పైసలు ఎప్పుడు ముట్టినయి, భూమి ఎవరి స్వాధీనంల పెట్టిండు, ఇవన్నీ వెతుక్కోవాలె. కింద హద్దులు. తూర్పుకు ఫలానా వాళ్ల చెలక, పడమటికి బాట, ఉత్తరానికి వాగు, దక్షిణానికి అమ్మినోళ్లదే మిగులు భూమి. రెండు దస్తావేజులు పక్కపక్కన పెడితే, ఒకదాంట్ల ఉత్తరం దిక్కున ఉన్న వాగు రెండోదాంట్ల కనపడదు. కేసు అంతా అక్కడ ఉంటది. ఆ వాగు ఎక్కడ పోయింది? అది పట్టుకోవాలంటే తెలుగు గబగబ చదివే కన్ను కావాలె. తొంభైఅయిదు మార్కులు వచ్చిన సంస్కృతం అక్కడ పనికిరాదు.

రెండో కాయితం పహాణీ, అంటే భూమి ఎవరి పేరు మీద ఉంది, ఎవరు సాగు చేస్తుండ్రు అని ఏటేటా రాసే సర్కారు రికార్డు. కొంతమంది ఖాస్రా పహాణీ నకలు కూడ పట్టుకొస్తరు, 1954–55ల రాసింది. అండ్ల పట్టాదారు ఒకరుంటరు, అనుభవదారు ఇంకొకరుంటరు. పట్టా తాత పేరు మీద, కబ్జా కౌలుదారు పేరు మీద. అట్ల ఏండ్లకేండ్లు పహాణీలు వరసబెట్టి చదువుకుంట పోవాలె, ఏ ఏడు పేరు మారింది, ఎందుకు మారింది అని. భూమి రికార్డులకు ధరణి పోర్టల్ పోయి 2025ల భూభారతి వచ్చినా, కొట్లాట తేలాలంటే మళ్ల పాత పహాణీల కాడికే పోవాలె. ఇవి చదివే ఓపిక ఎక్కడ నేర్పుతరు? ఇంటర్‌ల తెలుగు పాఠం బట్టీ కొట్టకుండ చదివిన పిల్లకు కొంతన్నా అబ్బుతది.

లెక్కల సంగతి కూడ ఇక్కడే చెప్పేస్త, మరిచిపోత మళ్ల. ‘లాకు లెక్కలు అక్కరలేదు’ అనుకుంటుండ్రు గదా? ఒక తండ్రి చనిపోయిండు, వీలునామా రాయలేదు, తల్లి అంతకు ముందే పోయింది. ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. భూమి అయిదెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. ఒక్కొక్కరికి ఎంత? అక్కడ చెల్లె పెదవులు కదుపుతుంది, చెప్పు బిడ్డా... ఎకరం నాలుగు గుంటలు. శభాష్. ఆడపిల్లలకు కూడ సమానమే, 2005ల వారసత్వ చట్టం సవరణ వచ్చినంక తాతల నాటి ఆస్తిల కూడ పుట్టుకతోనే హక్కు. అన్నలు కొందరు మొహాలు అటు తిప్పుకుంటుండ్రు, పర్వాలేదు. నేను చెప్పేది, పది దాకా నేర్చుకున్న భిన్నాలు, శాతాలు మరిచిపోవద్దు. అంతకు మించి కాలిక్యులస్ అక్కర లేదు.

ఇంగ్లీషు? ఆ ప్రశ్న ఎదురు చూస్తనే ఉన్న. అవసరమే. హైకోర్టుల, సుప్రీంకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులనే నడుస్తది, రాజ్యాంగం 348వ అధికరణంల ఉంది. చట్టాల పుస్తకాలు, తీర్పులు ఇంగ్లీషులనే ఎక్కువ. లాసెట్ పేపరు మాత్రం తెలుగు, ఇంగ్లీషు రెండింట్ల ఉంటది, కాబట్టి తెలుగు మీడియం వాళ్లు పరీక్షకు భయపడొద్దు. కాని కాలేజీల అడుగు పెట్టేలోపు ఇంగ్లీషు చదవడం అలవాటు చేసుకోవాలె. మాట్లాడడం కాదు నేను చెప్పేది, చదవడం. ఒక పని చెయ్యండి. కోర్టు వార్త ఏదన్నా వచ్చిందంటే, తెలుగు పేపర్ల చదవండి, అదే వార్త ఇంగ్లీషు పేపర్ల చదవండి. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. సంగతి ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషు అర్థమైతది. గ్రంథాలయంల రెండూ ఉంటయి, పైస ఖర్చు లేదు. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగులకు వేలు పొయ్యకండి.

ఈ గడ్డ మీద పుట్టినోళ్లనే చూడండి. బూర్గుల రామకృష్ణారావు గారు మన కల్వకుర్తి దిక్కు మనిషి. వకీలు. హైదరాబాద్ రాష్ట్రానికి 1952ల ముఖ్యమంత్రి అయిండు. ఆయన ఎన్ని భాషలల్ల పండితుడో పెద్దోళ్లను అడగండి, తెలుగు, ఉర్దూ, పారసీ, సంస్కృతం, మరాఠీ, ఇంగ్లీషు. సురవరం ప్రతాపరెడ్డి గారు గద్వాల దిక్కు. బీఎల్, అంటే అప్పటి లా డిగ్రీ చదివిండు, తర్వాత 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. ఆయన తెలుగు ఎసొంటి తెలుగో తెలుసు గదా. నేను ఊకె పేర్లు చెప్తలేను. వకీలు అన్నోడికి భాష మీద పట్టు ఎట్ల ఉండాలెనో మన పాలమూరోళ్లు ముందే చూపించిండ్రు అంటున్న.

అయిదేండ్లా, మూడేండ్లా

రెండు దార్లున్నయి. ఇంటర్ కాంగనే అయిదేండ్ల కోర్సు, బీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ. లేదా ఏదన్నా డిగ్రీ మూడేండ్లు చేసి, దాని మీద మూడేండ్ల ఎల్‌ఎల్‌బీ. డిగ్రీలనూ అవే శాతాలు, 45, 42, 40. రెండింటికీ లాసెట్టే, పేపర్లు వేరు. లాసెట్‌ల అర్హత మార్కు 35 శాతం, అంటే 120కి 42. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు.

ఏది మంచిది? లా తప్ప ఇంకేం వద్దు అని గట్టిగ ఉన్న పిల్లకు అయిదేండ్లు, ఒక ఏడాది మిగులుతది. ఇంకా మనసు ఊగుతున్న పిల్లకు డిగ్రీ ముందు, లా తర్వాత. మధ్యల గ్రూప్స్ రాయాలనిపిస్తే రాసుకోవచ్చు, టీచరు కావాలనిపిస్తే కావచ్చు. నా అభిప్రాయంల పదహారేండ్ల పిల్లల్ని అయిదేండ్ల కోర్సుల తోసేయడానికి తొందర పడొద్దు. కొంతమంది వకీళ్లు నాతో ఒప్పుకోరు, వాళ్ల మాట కూడ వినండి.

నల్సార్ సంగతి అడిగిండ్రు. శామీర్‌పేటల ఉంది, 1998ల పెట్టిండ్రు, దేశంలనే పేరున్న నేషనల్ లా యూనివర్సిటీ. దానికి లాసెట్ కాదు, క్లాట్ రాయాలె. క్లాట్‌ల కూడ ఇంటర్‌ల ఏ గ్రూపైనా సరే, శాతం ఉంటే చాలు. జనరల్, ఓబీసీలకు 45, ఎస్సీ ఎస్టీ, దివ్యాంగులకు 40. చూసిండ్రా, అక్కడ ఓబీసీలకు 42 నడవదు, 45 కావాలె. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. అంతా ఇంగ్లీషే. పెద్ద పెద్ద పేరాలు ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతరు. అండ్ల లెక్కలు పదో వంతే, అదీ పదో తరగతి స్థాయి. అంటే అక్కడ గెలిచేది ఎవరు? ఎంపీసీ వాడా, సీఈసీ వాడా? ఎక్కువ చదివే అలవాటున్నోడు. ఇంకో సంగతి, ఈ మధ్య క్లాట్ డిసెంబర్ల పెడుతుండ్రు. అంటే ఇంటర్ సెకండియర్ నడుస్తుండంగనే. మార్చ్ పరీక్షలు అయినంక చూద్దాం అనుకుంటే అయిపోయింది. రాసేటోళ్లు ఫస్టియర్ నుంచే మొదలుపెట్టాలె. ఫీజులు ఎక్కువ, అది కూడ చెప్పాలె మీకు. బ్యాంకు లోను లెక్క వేసుకొనే దిగండి.

ఓపెన్ డిగ్రీ గురించి ఒక్కమాట, చాలా ముఖ్యం. అక్కడ వెనక ఒకన్న కూసున్నడు, ‘నేను ఇంటర్ చదవలేదు, ఎంట్రెన్స్ రాసి ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చేసిన, లా చేయొచ్చా’ అని ఇందాక బయట అడిగిండు. అన్నా, వకీళ్లకు, లా చదువులకు రూల్సు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్సుల ఉంది. దూరవిద్యల చదివితే తప్పు లేదు. కాని కింద మెట్టు ఎక్కకుండ, అంటే ఇంటర్ లేకుండ నేరుగ ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ తీసుకుంటే లా కోర్సుకు అర్హత ఉండదు. ఓపెన్ స్కూల్ల టెన్త్ చేసి, తర్వాత ఇంటర్ చేసి వచ్చినోళ్లది వేరు, వాళ్లు వరసగ వచ్చిండ్రు. ఈ తేడా తెలియక పెండ్లై పిల్లలున్న ఆడోళ్లు, ఉద్యోగాలు చేసుకునేటోళ్లు చాలామంది పైసలు కట్టి మోసపోతుండ్రు. సీటు ఇప్పిస్తం అని ఎవడన్నా చెప్తే వాని మాట వినొద్దు. నీ సర్టిఫికెట్ల వరస చూసుకో. పది, ఇంటర్, డిగ్రీ. ఆ వరస తెగిందా, రేపు కోర్సు అయినంక బార్ కౌన్సిల్ల పేరు నమోదు కాడ ఆగుతది.

జడ్జి కావాలన్న పిల్లలు ఉన్నరా? ఆ, ఇద్దరు. మంచిగ వినండి. ఇంతకు ముందు లా కాంగనే నేరుగ జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసేటోళ్లు. 2025 మే నెలల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, మూడేండ్లు ప్రాక్టీసు ఉండాలె అని. అంటే ఇంటర్ తర్వాత అయిదేండ్లు, దాని మీద మూడేండ్లు. ఎనిమిదేండ్ల దారి. తల్లిదండ్రులు ఈ ఎనిమిదేండ్లు ఓపిక పట్టగలరా, ఇంటికాడ కూసొని మాట్లాడుకోండి. మొదటి రెండు మూడేండ్లు జూనియరుకు సంపాదన ఉండదు. బస్సు కిరాయి వస్తే గొప్ప. నేను తియ్యగ చెప్పదలుచుకోలేదు.

అమ్మా, మీరు ఏదో అంటుండ్రు... ‘ఆడపిల్ల, కోర్టుల మొగోళ్ల మధ్య ఎట్ల’ అని. అమ్మా, నేను ఎట్ల వచ్చిన మరి? మీ బిడ్డ ఏ ఊరు పోయినా మొగోళ్ల మధ్యనే ఉంటది, బ్యాంకుల ఉన్నా, బళ్లె ఉన్నా. మా కోర్టుల ఇప్పుడు ఆడ వకీళ్లు ఉన్నరు, ఆడ జడ్జిలు ఉన్నరు. ఆడోళ్ల కేసులు వచ్చినప్పుడు, గృహహింస గాని, మనోవర్తి గాని, వాళ్లు మగ వకీలుకు సగమే చెప్తరు. మిగిలిన సగం నాకు చెప్తరు. మీ బిడ్డను పంపండి. హాస్టలు గురించి మీకు ఏం బుగులుందో అది వేరే కూసొని మాట్లాడదాం, మీటింగ్ అయినంక ఉండండి.

ఇంకో తమ్ముడు చీటీ పంపిండు. ‘లా పూర్తయినంక నమోదుకు వేలకు వేలు కట్టాలంట నిజమేనా?’ అంతకు ముందు వసూలు చేసేటోళ్లు. 2024 జులైల సుప్రీంకోర్టు చెప్పింది, న్యాయవాదుల చట్టంల రాసిందానికి మించి నమోదు ఫీజు తీసుకోవద్దని. జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. ఆ తర్వాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ ఉంటది, దాని ఫీజు వేరే. ఇంతకీ నువ్వు ఏ క్లాసు?... తొమ్మిదా! బాగుంది. తొమ్మిదిల ఉండి బార్ కౌన్సిల్ ఫీజు అడుగుతున్నవ్.

టైము అయితుంది, వాచ్ చూపిస్తుండ్రు. ఆఖరుకు కాయితాల పని. ఈ ఎండాకాలంల అందరూ మీసేవకు పోయి కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. 42 శాతం, 40 శాతం అర్హత నడవాలన్నా, ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలన్నా అవే ఆధారం. కౌన్సెలింగ్ రోజు మీసేవ ముందు లైన్ల నిలబడి ఏడిస్తే లాభం లేదు. పేరు స్పెల్లింగు టెన్త్ మెమోల ఎట్లుందో ఆధార్ల, కులం సర్టిఫికెట్ల అట్లనే ఉందా చూడండి. ఇంటి పేరు ఒకదాంట్ల ముందు, ఒకదాంట్ల వెనక ఉంటది, ఒకదాంట్ల ఒక్క ‘హెచ్’ ఎక్కువ ఉంటది. ఇప్పుడే సరిచేయించుకోండి.

మార్క్స్ మెమోలు తెచ్చుకున్నోళ్లు ఇటు పక్కకు రండి. మొత్తం ఎంత, శాతం ఎంత, లాసెట్‌కు సరిపోతదా, క్లాట్‌కు సరిపోతదా, ఇక్కడే లెక్క వేసి చూద్దాం. పెన్ను ఎవరి దగ్గరన్నా ఉందా?